జపాన్ ఇజకాయలో కూర్చోవడం, తినడం, బిల్లు కట్టడం ఎలా?

జపాన్‌లో ఆఫీసు వదిలిన తర్వాత సహోద్యోగులూ స్నేహితులూ కలిసి కూర్చుని, ఒక గ్లాసు పట్టుకుని, చిన్న పళ్లేల్లో ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే వంటకాలను పంచుకుని తినే చోటును ఇజకాయ అంటారు. ఎడో కాలంలో (17వ శతాబ్దం మొదలునుంచి 19వ శతాబ్దం మధ్య వరకూ) సాకే, అంటే బియ్యంతో చేసే మద్యం అమ్మే దుకాణాల్లో కొందరు కొన్నది అక్కడే నిలబడి తాగడం మొదలుపెట్టడం, దుకాణదారులు వారికి నంజుకోవడానికి ఏదో ఒకటి ఇవ్వడం, క్రమంగా అదే ఒక వ్యాపారంగా మారడం దీని చరిత్ర. ఇక్కడి మర్యాదల్లో చాలావరకు ఆ పుట్టుకనుంచే వచ్చాయి. వంటకం పానీయానికి తోడుగా వస్తుంది కాబట్టి ముందు పానీయం చెప్పాలి, వంటకాలను విడతలుగా తెప్పించుకోవాలి, అన్నం చివరికి ఉంచుకోవాలి. మన హోటళ్లలో చేసినట్టు కూర్చోగానే మొత్తం భోజనం ఒకేసారి చెప్పేస్తే, బల్లమీద పళ్లేలు పట్టవు, సగం వంటకాలు చల్లారిపోతాయి, సాయంత్రం ముప్పావుగంటలో ముగిసిపోతుంది.

చోటు ఎంచుకోవడం

మొదటిసారి వెళ్లేవారు రైల్వేస్టేషను దగ్గర ఉండే అనేక శాఖలున్న పెద్ద ఇజకాయల్లో ఒకదానిని ఎంచుకోవడం మంచిది. అక్కడ బొమ్మలున్న మెనూ ఉంటుంది, చాలాచోట్ల బల్లమీద ఉన్న ట్యాబ్లెట్‌లో ఇంగ్లీషు కూడా ఉంటుంది, ధరలు స్పష్టంగా కనిపిస్తాయి. తోరికిజొకు వంటి యాకితోరి (పుల్లలకు గుచ్చి కాల్చిన కోడి ముక్కలు) దుకాణంలో దాదాపు అన్ని వంటకాలకూ పానీయాలకూ ఒకే ధర ఉండడంవల్ల ఎంత ఖర్చవుతోందో మనసులోనే లెక్క వేసుకోవచ్చు. అయితే ఇజకాయ అసలు రుచి తెలిసేది ఎనిమిది పది కుర్చీలున్న చిన్న దుకాణాల్లోనే అని నా అభిప్రాయం. ఎర్ర కాగితపు లాంతరు వేలాడుతూ, లోపల యజమాని స్వయంగా బొగ్గులమీద కాలుస్తూ, ఆ రోజు వంటకాలను చేత్తో రాసిన కాగితపు ముక్కలుగా గోడకు అతికించే ఈ దుకాణాలకు రెండోసారో మూడోసారో వెళ్లండి. టోక్యోలో షింజుకు స్టేషను పక్కనున్న ఒమొయిదె యొకొచొ సందు, యురకుచొలో రైలు వంతెన కింది దుకాణాలు ఇటువంటివాటికి పేరుపొందాయి. వీటిలో ఇద్దరు ముగ్గురికి చోటు దొరుకుతుంది కాని, ఆరుగురు కలిసి వెళితే గుమ్మంలోనే చేతులు అడ్డంగా ఊపి పంపేస్తారు.

శుక్రవారం సాయంత్రాలూ, ఏడాది చివరి విందులు జరిగే డిసెంబరు నెలంతా ముందుగా సీట్లు బుక్ చేసుకోకుండా వెళ్లకండి. బుక్ చేసేటప్పుడు సీటు ఎంతసేపు ఇస్తారో చూసుకోవాలి, ఎందుకంటే రద్దీ రోజుల్లో చాలా దుకాణాలు రెండు గంటల తర్వాత లేవమంటాయి. టోక్యోలో రాత్రి వినోదాలకు పేరున్న కబుకిచొ వంటి ప్రాంతాల్లో వీధిలో ఎదురొచ్చి, చవక దుకాణం చూపిస్తాం రమ్మని పిలిచే మనుషుల వెంట మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకూడదు. అలా పిలవడమే అక్కడ నిబంధనలకు విరుద్ధం, ఆ దారిన వెళ్లినవారికి చివర్లో నమ్మలేనంత బిల్లు వస్తుంది. పిల్లలతో వెళ్లేవారు ఇంకొక విషయం గమనించాలి. 2020 ఏప్రిల్ నుంచి జపాన్‌లో హోటళ్ల లోపల పొగతాగడం సాధారణంగా నిషేధమే అయినా, కొన్ని పాత చిన్న దుకాణాలకు మినహాయింపు ఉంది. అటువంటి చోట్ల గుమ్మం దగ్గరే ఆ సంగతి తెలిపే గుర్తు ఉంటుంది, పొగతాగే భాగంలోకి 20 ఏళ్లలోపు వారిని రానివ్వరు.

లోపలికి వెళ్లడం

గుమ్మానికి నోరెన్ అనే గుడ్డ తెర వేలాడుతూ ఉంటే దుకాణం తెరిచి ఉన్నట్టు. లోపలికి అడుగుపెట్టగానే అందరూ బిగ్గరగా స్వాగతం పలుకుతారు. దానికి జవాబు చెప్పనక్కరలేదు, ఎంతమంది వచ్చారో వేళ్లతో చూపి, వారు చూపించిన చోట కూర్చోండి. ఖాళీగా కనిపించిన బల్ల దగ్గరికి మీ అంతట మీరు వెళ్లకూడదు.

కొన్ని దుకాణాల్లో గుమ్మంలోనే చెప్పులు విడిచి, చిన్న చెక్క అరలో పెట్టి, దాని తాళంగా పనిచేసే చెక్కముక్కను దగ్గర ఉంచుకోవాలి. కాబట్టి ఆ రోజు చిరుగులు లేని సాక్సులు వేసుకోవడం మేలు. లోపల చాపలమీద కూర్చునే గది ఇచ్చినప్పుడు మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు కంగారు పడనక్కరలేదు. చాలా చోట్ల బల్ల కింద గొయ్యిలా కట్టి ఉంటుంది, దానిలోకి కాళ్లు దించి కుర్చీలో కూర్చున్నట్టే కూర్చోవచ్చు, అటువంటి సీటును హొరిగొతత్సు అని అడగాలి. మరుగుదొడ్డికి వెళ్లేటప్పుడు అక్కడ వేరుగా ఉంచిన చెప్పులు వేసుకుని, తిరిగి వచ్చేటప్పుడు వాటిని అక్కడే విడిచి రావాలి. ఈ ఒక్క విషయంలో పొరపాటు చేస్తే గది మొత్తం గమనిస్తుంది.

అడగకుండా వచ్చే చిన్న గిన్నె

కూర్చోగానే తడి తువ్వాలు ఇస్తారు. అది చేతులు తుడుచుకోవడానికి, ముఖానికీ మెడకూ కాదు. ఆ వెంటనే మీరు ఏమీ చెప్పకముందే ఒక చిన్న గిన్నెలో ఏదో ఒక వంటకం వస్తుంది. దీనిని టోక్యో వైపు ఒతోషి అనీ, ఒసాకా వైపు త్సుకిదషి అనీ అంటారు. ఇది ఉచితమని అనుకోకండి, ఒక్కొక్కరికీ సాధారణంగా 300 నుంచి 500 యెన్‌ల వరకూ బిల్లులో చేరుతుంది. కొత్తవారికి ఇది మోసంలా అనిపించి గొడవపడిన సందర్భాలు తరచుగా వినిపిస్తాయి కాని, దీనిని సీటుకు కట్టే రుసుముగా భావించి వదిలేయడమే సరైన పద్ధతి. ఆ గిన్నెలో చేపో మాంసమో ఉండి మీరు తినకపోతే, మార్చి ఇవ్వగలరా అని మర్యాదగా అడగవచ్చు. కొందరు మారుస్తారు, కొందరు మార్చరు, డబ్బు మాత్రం రెండు సందర్భాల్లోనూ పడుతుంది.

ముందు పానీయం

తువ్వాలు ఇచ్చిన మనిషి పక్కనే నిలబడి ఎదురుచూస్తున్నాడంటే, పానీయం ఏమిటో చెప్పమని అర్థం. ఈ దశలో మెనూ అంతా చదవడం మొదలుపెట్టకండి. జపాన్ వారిలో చాలామంది “తొరియాయెజు నామా”, అంటే ప్రస్తుతానికి పీపా బీరు అని చెప్పేసి, ఆ తర్వాతే నింపాదిగా మెనూ తెరుస్తారు. విస్కీలో సోడా కలిపిన హైబాల్, నిమ్మరసంతో చేసే లెమన్ సవర్, చిలగడదుంప లేక బార్లీనుంచి తీసే షోచు, బియ్యంతో చేసే నిహొన్షు (సాకేకే ఇంకో పేరు), ఉమె అనే పుల్లని పండ్లతో చేసే తియ్యని ఉమెషు దాదాపు అన్ని చోట్లా దొరుకుతాయి. నిహొన్షును గో అనే కొలతలో అమ్ముతారు, ఒక గో 180 మిల్లీలీటర్లు. వేడిగానూ చల్లగానూ తెప్పించుకోవచ్చు. చెక్కపెట్టెలో నిలబెట్టిన గ్లాసును పొంగిపొర్లేదాకా నింపితే అది పొరపాటున ఒలికించడం కాదు, ఉదారత్వం చూపించే పద్ధతి, కాబట్టి గ్లాసులోది కొంత తాగి, పెట్టెలో పడినదానిని గ్లాసులోకి ఒంపుకోండి.

మద్యం తాగనివారు సంకోచించకుండా ఊలాంగ్ టీ, అల్లం రుచి సోడా, మద్యం లేని బీరు వంటివి చెప్పవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. అయితే మంచినీళ్లు మాత్రమే చాలని చెప్పడం ఇక్కడ మర్యాద కాదు. చాలా దుకాణాల్లో ఒక్కొక్కరూ కనీసం ఒక పానీయం కొనాలన్న నియమం ఉంటుంది, వారి లాభం పానీయాలమీదే ఉంటుంది కూడా. జపాన్‌లో మేజర్ అయ్యే వయసును 18కి తగ్గించినా మద్యం తాగే వయసు ఇప్పటికీ 20 ఏళ్లే, వయసు తక్కువగా కనిపిస్తే పాస్‌పోర్టు చూపించమంటారు. తాగిన తర్వాత కారే కాదు, సైకిలు కూడా తొక్కకూడదు. కారు నడిపేవాడికి తెలిసీ మద్యం పోసినవారికీ, ఆ బండిలో ఎక్కినవారికీ కూడా శిక్ష ఉంటుంది.

అందరి గ్లాసులూ వచ్చేవరకూ ఎవరూ తాగరు. అన్నీ వచ్చాక గ్లాసులెత్తి “కంపాయ్” అన్న తర్వాతే మొదటి గుక్క. సీసా తెప్పించుకుంటే ఎవరిది వారు పోసుకోరు, పక్కవారి గ్లాసు మీరు నింపితే మీది వారు నింపుతారు. ఇక చాలనుకున్నప్పుడు గ్లాసును ఖాళీ చేయకుండా నిండుగా వదిలేయండి, ఖాళీ గ్లాసు కనిపిస్తే మళ్లీ నింపుతూనే ఉంటారు.

నిర్ణీత సమయంలో ఎంతైనా తాగవచ్చునని చెప్పే నొమిహోదాయ్ పథకం గురించి కాస్త ఆలోచించి నిర్ణయించుకోవాలి. సాధారణంగా 90 లేక 120 నిమిషాలు ఇస్తారు, చివరి ఆర్డరును గడువుకు అరగంట ముందే తీసుకుంటారు, బల్ల దగ్గరున్న అందరూ తీసుకోవాలంటారు, ఖాళీ గ్లాసు ఇస్తేనే కొత్తది ఇస్తారు. తలకు 2,000 యెన్‌లు, ఒక్కో గ్లాసు 500 యెన్‌లు అనుకుంటే, నాలుగు గ్లాసులకు మించి తాగేవారికే అది గిట్టుబాటు. మీలో ఒక్కరు తాగనివారున్నా దానిని వదిలేయడమే మంచిది.

విడతలుగా తెప్పించడం

పానీయంతోపాటు, వెంటనే రాగలిగే చల్లని వంటకాలు రెండు మూడు చెప్పండి. ఉడికించి ఉప్పు చల్లిన పచ్చి సోయా చిక్కుళ్లు ఎదమామె, అల్లమూ ఉల్లికాడలూ వేసిన చల్లని తోఫు (సోయా పాలతో చేసే పనీర్‌లాంటిది) హియయక్కొ, ఊరబెట్టిన కూరగాయలు, బంగాళాదుంప సలాడ్ ఈ కోవలోకి వస్తాయి. ఎదమామెలో గింజలను పళ్లతో లాగి తిని, తొక్కలను పక్కనిచ్చిన ఖాళీ గిన్నెలో వేయాలి. బొగ్గులమీద కాల్చే వంటకాలకు పావుగంట పైగా పడుతుంది కాబట్టి, మీకు యాకితోరి కావాలంటే దానిని కూడా ఈ మొదటి విడతలోనే చెప్పేయడం తెలివైన పని.

రెండో విడత పచ్చిచేప ముక్కలైన సషిమితో మొదలవుతుంది. నాలుక ఇంకా శుభ్రంగా ఉండగానే దానిని తినాలి, నూనెలో వేయించినవి తిన్న తర్వాత దాని రుచి తెలియదు. ఆ తర్వాత కాల్చినవి, వేయించినవి, పులుసులో ఉడికినవి. ఇద్దరికి ఒకసారి రెండు మూడు పళ్లేలు సరిపోతాయి, అవి సగమయ్యాక మళ్లీ చెప్పవచ్చు. మిగిలినదానిని పొట్లం కట్టించుకుని తీసుకెళ్లడం ఇక్కడ చాలా చోట్ల కుదరదు, ఆహారం పాడై ఎవరికైనా జబ్బు చేస్తుందన్న భయంతో ఒప్పుకోరు, కాబట్టి ఎక్కువ చెప్పి వదిలేయడంకంటే తక్కువ చెప్పి మళ్లీ పిలవడం మేలు.

యాకితోరి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇది కోడి ముక్కలను వెదురు పుల్లలకు గుచ్చి కాల్చేది, ఒక్కో భాగానికి ఒక్కో పేరు ఉంటుంది. మొమొ అంటే తొడ మాంసం, నెగిమ అంటే తొడ ముక్కల మధ్య ఉల్లికాడ ముక్కలు గుచ్చినది, కవ అంటే చర్మం, సునగిమొ అంటే కందనకాయ, త్సుకునె అంటే కైమా ఉండలు. చెప్పేటప్పుడు షియో, అంటే ఉప్పు, లేక తరె, అంటే సోయా సాస్‌తో చేసిన తియ్యని పూత, ఈ రెండింటిలో ఏది కావాలో అడుగుతారు. చర్మానికీ కందనకాయకూ ఉప్పు, కైమా ఉండలకూ కాలేయానికీ పూత నప్పుతాయి. పుల్లనుంచి ముక్కలన్నింటినీ లాగి పళ్లెంలో పోసి పంచడం కొందరు వంటవాళ్లకు నచ్చదు. పుల్ల పట్టుకుని తినడానికే ముక్కల పరిమాణమూ ఉప్పూ కుదురుస్తారు, కాబట్టి తలకొక పుల్ల చొప్పున చెప్పడం మంచిది. కొన్ని చోట్ల సగం పచ్చిగా ఉంచిన కోడి మాంసం కూడా మెనూలో కనిపిస్తుంది. జపాన్ ప్రభుత్వం పచ్చి గొడ్డు కాలేయాన్ని 2012లోనూ, పచ్చి పంది మాంసాన్ని 2015లోనూ హోటళ్లలో నిషేధించింది. కోడికి అటువంటి దేశవ్యాప్త నిషేధం లేకపోయినా, క్యాంపిలోబ్యాక్టర్ అనే సూక్ష్మజీవివల్ల జబ్బుచేసే ప్రమాదం ఉంది కాబట్టి దానిని తినకపోవడమే క్షేమం.

వేయించిన కోడి ముక్కలు కరాగె వచ్చినప్పుడు పళ్లెం అంచున నిమ్మచెక్క ఉంటుంది. మిగతావారిని అడగకుండా దానిని అన్నింటిమీదా పిండేయకండి, ఈ ఒక్క నిమ్మచెక్కమీద జపాన్‌లో స్నేహితుల మధ్య ఎడతెగని వాదోపవాదాలు నడుస్తుంటాయి. ఉమ్మడి పళ్లెంనుంచి మీకిచ్చిన చిన్న పళ్లెంలోకి తీసుకుని తినాలి, వడ్డించుకోవడానికి వేరే చాప్‌స్టిక్‌లు (తినడానికి వాడే జత పుల్లలు) ఉంటే వాటినే వాడాలి. మీ చాప్‌స్టిక్‌లతో పట్టుకున్న ముక్కను ఎదుటివారి చాప్‌స్టిక్‌లకు అందించడం, అన్నంలో చాప్‌స్టిక్‌లను నిలువుగా గుచ్చడం రెండూ చావు కర్మలను గుర్తుచేస్తాయి కాబట్టి వాటిని ఖచ్చితంగా మానుకోవాలి. ఒసాకాలో కుషికత్సు, అంటే పుల్లకు గుచ్చి వేయించినవి తినేటప్పుడు ఉమ్మడి సాస్ గిన్నెలో ముంచడం ఒక్కసారే, కొరికిన తర్వాత మళ్లీ ముంచకూడదు.

అన్నం, నూడుల్స్ వంటివి చివరికి తెప్పిస్తారు, ఈ ముగింపును షిమె అంటారు. మనం ఎన్ని కూరలు తిన్నా పెరుగన్నంతో ముగిస్తేనే భోజనమైనట్టు భావించినట్టే, వారు కాల్చిన అన్నపు ముద్దతోనో, వేడి టీ లేక పులుసు పోసిన అన్నమైన ఒచజుకెతోనో ముగిస్తారు. మొదట్లోనే అన్నం కావాలనిపిస్తే తెల్ల అన్నం అడగవచ్చు కాని, చిన్న దుకాణాల్లో అన్నం అసలు ఉండకపోవచ్చు.

శాకాహారులూ, గొడ్డు మాంసం తిననివారూ చేయవలసినది

మన తెలుగువారికి ఇజకాయలో ఎదురయ్యే అసలు చిక్కు ఇదే కాబట్టి వెళ్లేముందే దీనిని ఆలోచించుకోవాలి. జపాన్ వంటకు పునాది దషి అనే పల్చటి రసం. దానిని చాలావరకు సముద్రపు నాచుతోనూ, ఉడికించి పొగపట్టి ఎండబెట్టిన చేప తురుము కత్సువొబుషితోనూ కాస్తారు. కంటికి మాంసమేమీ కనిపించని వంటకంలో కూడా అది ఉంటుంది. పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో సూప్, వేయించిన తోఫును రసంలో వేసిచ్చే అగెదషి తోఫు, గుడ్డు చుట్టలు, ఉడికించిన కూరగాయలు, ముల్లంగీ గుడ్లూ చేప ఉండలూ వంటివి రసంలో ఉడికించే ఒదెన్ అన్నీ ఆ రసంతో చేసినవే. చల్లని తోఫుమీదా, కాల్చిన కూరగాయలమీదా చేప తురుము చల్లి తెస్తారు. బంగాళాదుంప సలాడ్‌లో గుడ్డుతో చేసిన మయొనేజ్ తప్పనిసరి, తరచుగా హ్యామ్ ముక్కలు కూడా ఉంటాయి. “నేను శాకాహారిని” అని మాత్రమే చెబితే, కూరగాయల వంటకమని వీటినే తెచ్చిపెట్టే అవకాశం ఎక్కువ.

అందుకని తినని పదార్థాల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పండి, లేదా జపనీస్‌లో రాసిన కాగితం చూపించండి. “నికు తొ సకన వ తబెరరెమసెన్” అంటే మాంసం, చేప తినలేను అని అర్థం. “కత్సువొబుషి నషి దె ఒనెగాయిషిమస్” అంటే చేప తురుము లేకుండా ఇవ్వండి అని అర్థం. కాస్త నిశ్చింతగా తినదగినవి ఎదమామె, తురుము లేని చల్లని తోఫు, చల్లని టమాటా ముక్కలు, ఉప్పుతో కాల్చిన షిషితొ మిరపకాయలు, షీతాకె పుట్టగొడుగులు, గింకో గింజలు, బంగాళాదుంప వేపుడు, తెల్ల అన్నం. దోసకాయ, ఊరగాయ వంటివాటిలోనూ ఒక్కోసారి దషి కలుస్తుంది కాబట్టి అడిగి తినాలి. కాల్చే జల్లెడా, వేయించే నూనే మాంసానికీ కూరగాయలకూ ఒకటే అని గుర్తుంచుకోవాలి. అంత పట్టింపు ఉన్నవారు సాయంత్రం భోజనం ముందుగా చేసి వచ్చి, ఇక్కడ పానీయం, ఎదమామె, కబుర్లతో సరిపెట్టుకోవడం ఉత్తమం. ఈ మాట నిరుత్సాహంగా అనిపించవచ్చు కాని, బల్లమీద ఆకలితో కూర్చుని పక్కవారి పళ్లేలు చూడడంకంటే నయం.

గొడ్డు మాంసం మాత్రమే తిననివారికి యాకితోరి దుకాణం చాలావరకు ఇబ్బందిలేని చోటు. పేగుల పులుసు మొత్సునాబె, ఒసాకాలో దొరికే, గొడ్డు మాంసపు కండర నరాలను మిసోలో ఉడికించే దొతెయాకి వంటివి చెప్పేముందు అడగాలి. మాంసమూ బంగాళాదుంపా ఉడికించిన నికుజగను టోక్యో వైపు ఎక్కువగా పంది మాంసంతోనూ, ఒసాకా వైపు గొడ్డు మాంసంతోనూ చేస్తారు. హలాల్ పాటించేవారు మాంసం సంగతే కాక, పూతలోనూ ఉడికించిన వంటకాల్లోనూ సాకే, మిరిన్ (వంటలో వాడే తియ్యని బియ్యపు మద్యం) కలుపుతారన్నది గమనించి, ఉప్పుతో కాల్చిన చేపనూ కూరగాయలనూ ఎంచుకోవచ్చు.

పిలవడం, బిల్లు, బయలుదేరడం

పనివారు వారంతట వారు మాటిమాటికీ వచ్చి అడగరు. బల్లమీద మీట ఉంటే నొక్కండి, లేకపోతే చెయ్యెత్తి గట్టిగా “సుమిమాసెన్”, అంటే ఏమండీ అనండి. ఈ గోలలో గొంతు పెంచడం అమర్యాద కాదు, చిటికె వేయడం మాత్రం అమర్యాద. ముగించేటప్పుడు “ఒకైకెయి ఒనెగాయిషిమస్” అంటే బిల్లు తెస్తారు, రెండు చూపుడువేళ్లను అడ్డంగా కలిపి గుర్తుగా చూపినా అర్థమవుతుంది.

బిల్లులో ఒతోషి, 10 శాతం వినియోగ పన్ను, కొన్ని చోట్ల రాత్రి పది తర్వాతి అదనపు రుసుము కలిసి ఉంటాయి. మెనూలో పెద్ద అక్షరాలతో ఉన్నది పన్ను లేని ధర కావచ్చు కాబట్టి, పక్కన చిన్నగా రాసిన పన్నుతో కలిపిన ధర చూసుకుని తెప్పించుకుంటే చివర్లో ఆశ్చర్యపోనక్కరలేదు. టిప్పు ఇవ్వకండి, మీరు డబ్బు మరిచిపోయారనుకుని వీధిలోకి పరుగెత్తుకొచ్చి తిరిగి ఇస్తారు. చిన్న దుకాణాలు కొన్ని నగదు మాత్రమే తీసుకుంటాయి, ఒక్కో బల్లకు ఒకే బిల్లు ఇస్తాయి. కాబట్టి ఒకరు మొత్తం కట్టి, మిగతావారు బయటికి వచ్చాక సమానంగా ఇచ్చుకోవడం అక్కడి అలవాటు. తాగనివారు ఉన్నప్పుడు వారి వాటా తగ్గించడం మీ మధ్య ముందే అనుకోవాలి. వెళ్లేటప్పుడు వంట చేస్తున్నవారివైపు తిరిగి “గొచిసొసమ దెషిత”, అంటే మంచి భోజనం పెట్టారు, ధన్యవాదాలు అని చెప్పండి.

తర్వాత ఇంకో దుకాణానికి పోదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకునేముందు ఫోనులో చివరి రైలు వేళ చూసుకోండి, టోక్యోలో చాలా మార్గాల్లో అర్ధరాత్రి దాటిన కాసేపటికే రైళ్లు ఆగిపోతాయి. ఆ తర్వాత తెల్లవారుజాము అయిదు వరకూ మిగిలేది ట్యాక్సీలే, వాటికి రాత్రి పదినుంచి 20 శాతం అదనపు చార్జీ ఉంటుంది.